రెండో పేజీలోని కోళ్లు

కామారెడ్డి,
6-1-1993

అక్కకు తమ్ముడి దండాలు.

నాతో మాట్లాడనని నువ్వు ఒట్టు పెట్టుకున్నావు గానీ, నీకు రాయనని నేనేమీ ఒట్టు పెట్టుకోలేదు. అందుకే రాస్తున్నాను. కామారెడ్డికీ ఎల్లారెడ్డికీ మధ్య పొద్దంతా బస్సులు తిరుగుతుంటే, అక్కాతమ్ముళ్లు పోస్టు డబ్బాను నమ్ముకోవడం చూసి రాజమణి నవ్వని రోజు లేదు. పెళ్లాం నవ్వుతుంటే చూడ్డానికి బాగానే ఉంటుంది గానీ, నన్ను చూసి నవ్వుతుంటే అంత బాగుండదు.

మీ మరిది పెళ్లికి నేను ఒకరోజు ఆలస్యంగా వచ్చిన మాట నిజమే. పందిరి గుంజలు పీకుతున్న వాళ్లకు కొత్త బట్టల మూట చూపించి నవ్వులపాలైంది నేను, కోపం మాత్రం నీకు! ముహూర్తం మారిన సంగతి ఉత్తరం మొదట్లో రాయాలి గానీ, రెండో పేజీలో కందిపప్పు ధరకూ ఎవరిదో పెళ్లిచూపులకూ మధ్య ఇరికిస్తే ఎవరికి కనబడుతుంది?

సరే, అసలు సంగతి. నేను పనిచేసే పరిశోధనశాల వాళ్లు కోళ్లకు కొక్కెర రోగం రాకుండా ఒక కొత్త టీకా తయారు చేశారు. ఊరి కోళ్లకు వేసి చూసే పని ఈ వైపున నాకు అప్పగించారు. ఎండలు ముదిరితే కొక్కెర గంపలకు గంపలు ఎట్లా ఊడ్చుకుపోతుందో నీకు నేను చెప్పక్కరలేదు. నీ కోళ్లకూ, మీ పక్కింటి ఖుర్షీద్ బేగం కోళ్లకూ వేద్దామని నా ఆలోచన. మూడు వారాలకు మళ్లీ వచ్చి, కోడికి కొంచెం చొప్పున రక్తం తీసుకుపోతాను. ఆ రక్తంలో కొక్కెరను ఆపే బలం వచ్చిందో లేదో హైదరాబాదులో చూస్తారు.

ఇంతకుముందు నీ కోళ్లకు కొక్కెర టీకా ఏమైనా వేయించావా? వేయించకపోతేనే పనికొస్తాయి. ఒక్క ముక్కలో రాయి, చాలు.

నీ తమ్ముడు,
మార్కండేయ


ఎల్లారెడ్డి,
13-1-1993

చిరంజీవి తమ్ముడికి, నోరు మూసుకున్న అక్క కలంతో ఇచ్చే దీవెనలు.

ఒక్క ముక్కలో రాయమన్నావు కదా. వేయించలేదు. అయిపోయింది. మిగతా కాగితం తెల్లగా పంపితే పోస్టు ఖర్చు దండగ కాబట్టి రాస్తున్నాను.

ఖుర్షీద్‌ను అడిగాను. "నీ తమ్ముడేగదా, రానియ్యి. మా కోళ్లకు నొప్పి మాత్రం కావద్దు" అన్నది. తన మోకాళ్లు నొస్తే దవాఖానకు పోదు గానీ, కోడి కుంటితే మాత్రం ప్రాణం పోయినట్టు చేస్తుంది. నా కోళ్లు బాగానే ఉన్నాయి. పుంజుకు తాశిల్దారు అని పేరు పెట్టాను. పొద్దంతా వాకిట్లో అటూ ఇటూ తిరిగి అందరి మీదా అరుస్తుంది, పని మాత్రం ఏమీ ఉండదు. బుడ్డది అనే పెట్ట ఒకటుంది, అది నా బట్టల పెట్టె మీద తప్ప ఇంకెక్కడా గుడ్డు పెట్టదు. మీ బావ దాన్ని అదిలిస్తే మాత్రం నాకు కోపం వస్తుంది.

రాజమణి నడుము నొప్పి తగ్గిందా? చిన్నదానికి పన్ను వచ్చిందా? పోయిన కార్తీకంలో ఇక్కడ కోళ్లకు మశూచి వచ్చి, ముక్కుల చుట్టూ బొబ్బలు లేచి, కళ్లు మూసుకుపోయాయి. మందుల దుకాణం ఘనీ కోళ్ల ఫారాల కోసం మశూచి టీకా తెస్తాడు కదా. సీసా విప్పితే ఆ రోజే అయిపోవాలట, మిగిలింది పారబోస్తాడట. ఆ మిగిలింది పట్టుకుని వచ్చి, రెండు మొనల సూదితో నా కోళ్లన్నింటికీ రెక్కలో పొడిచాడు. ఒక్కటి కూడా చావలేదు. ఖుర్షీద్ అప్పుడు బిడ్డ కాన్పుకని బిచ్కుందకు పోయి ఉంది. కోళ్లను ఎవరి చేతిలోనూ పెట్టలేక గంపలో కప్పుకుని బస్సెక్కిన మనిషి అది. కండక్టరు టికెట్టు కొట్టాలా వద్దా అని గంప చుట్టూ తిరిగాడట. అందుకే దాని కోళ్లకు ఆ సూది పడలేదు.

ఈసారి చింతకాయ బాగా కాసింది. మీకు చింతపండు కొట్టి పెట్టమంటావా? ఇప్పుడు చెబితేనే పెడతాను.

ఒట్టు సంగతి కూడా విను. నా ఉత్తరం ఒక్కటి మొదటి అక్షరం నుంచి చివరి అక్షరం దాకా చదివావని నాకు నమ్మకం కలిగిన రోజు మాట్లాడతాను. అప్పటిదాకా మాట్లాడను.

అక్క,
భూమక్క


కామారెడ్డి,
4-2-1993

అక్కా,

టీకాలు వేసి వచ్చాను కదా, ఒళ్లంతా ఇంకా కోళ్ల రెట్ట వాసన పోలేదు. ఆ రోజు నువ్వు చేసిన మర్యాద మాత్రం మరిచిపోలేను. నేను ఎదురుగా కూర్చుంటే, పుంజు వైపు తిరిగి "ఓ తాశిల్దారూ, చాయ్ తాగుతడేమో అడుగు" అన్నావు. నేను తాగుతానంటే, "చక్కెర ఎంత వెయ్యాలె అడుగు" అన్నావు. మన ఇద్దరి మధ్య ఆ పుంజు నిజంగానే కచేరీ పెట్టినట్టు నిలబడింది. ఖుర్షీద్ బేగం నవ్వు ఆపుకోలేక కొంగు నోట్లో కుక్కుకుంది. "గా సూదిల ఏమున్నదో చెప్పమను తాశిల్దారూ, నా కోళ్లకు ఏమన్నయితె ఊకోను" అని కూడా అన్నావు. పుంజు నాకు ఆ మాట చేరవేసింది కాబట్టి జవాబు రాస్తున్నాను.

ఆ సూదిలో ఉన్నది కోళ్ల మశూచి క్రిమి. భయపడకు, జబ్బు చేసే బలం లేకుండా చేసి పంపారు. దాని లోపల కొక్కెర క్రిమి ఆనవాలు ఒకటి పెట్టారు. మీ ఊరి పోస్టుమాన్ ఏసయ్యే అనుకో. ఏసయ్య ఇంట్లోకి వచ్చి ఒక ఉత్తరం ఇస్తాడు. అందులో, 'ఫలానా దొంగ ఇట్లా ఉంటాడు, కనబడితే వదలకండి' అని రాసి ఉంటుంది. కోడి ఒళ్లు అది చదువుకుని కర్ర పట్టుకుని కూర్చుంటుంది. తర్వాత దొంగ, అంటే కొక్కెర, వస్తే తరిమేస్తుంది.

ఇందులో ఒక్కటే చిక్కు ఉంది. ఇంటివాళ్లకు ఏసయ్యతో పాత తగాదా ఉందనుకో. ఖాకీ చొక్కా కనబడగానే తలుపు మూసేస్తారు. ఉత్తరం సంచిలోనే ఉండిపోతుంది. అంటే, ముందే మశూచి వచ్చిన కోడికి గానీ, మశూచి టీకా పడిన కోడికి గానీ ఇది సరిగా పట్టదు. అయితే ఊరి కోళ్లకు మశూచి టీకా వేయించే మహారాజులు ఎవరున్నారు? మనకు ఆ బెంగ లేదు.

నెలాఖరున రక్తానికి వస్తాను. తాశిల్దారుకు నా సలాములు చెప్పు.

మార్కండేయ


ఎల్లారెడ్డి,
11-2-1993

పోస్టుమాన్ కథలు చెప్పే తమ్ముడికి దీవెనలు.

నీ ఉత్తరం ఏసయ్య ఎదుటే విప్పి చదివాను. తన పేరు వచ్చిందని చెబితే మళ్లీ చదివించుకుని విన్నాడు. "నాతోని తగాదా ఎవరికున్నదమ్మా, ఒక్క కుక్కలకు తప్ప" అని బాధపడ్డాడు. ఎవరికీ లేదని చెప్పి మజ్జిగ ఇచ్చి పంపాను.

మీ బావకు పంటి నొప్పి. లవంగం పెట్టుకుని ఊళ్లో ఎవరు పలకరించినా చెంప చూపిస్తున్నాడు. మొన్న నువ్వు వచ్చినప్పుడు చిక్కిపోయినట్టు కనబడ్డావు. వేళకు తింటున్నావా? ఆ రోజు అడగాలనిపించింది గానీ ఒట్టు అడ్డం వచ్చింది. పుంజుతో అడిగిద్దామంటే అది అప్పుడే గోడ ఎక్కింది. రాజమణికి నేను పంపిన గొంగడి ఒకసారైనా ఎండలో వేశారా? వేయకపోతే పురుగు పడుతుంది.

నువ్వు అడిగిన ఆ మహారాజు ఎవరో పోయిన ఉత్తరంలోనే రాశాను కదా, ఘనీ పొడిచిన సూది సంగతి. అది చదివే వచ్చి వేశావు కాబట్టి, చదువుకున్నవాడికి ఏదో లెక్క ఉంటుందని ఊరుకున్నాను. ఇంకొకటి చూశాను. నువ్వు సూది వేసిన చోట ఖుర్షీద్ కోళ్లకు రెక్కలో శనగగింజంత బొబ్బ లేచి మానింది. నావాటికి ఏమీ లేవలేదు. ఖుర్షీద్, "మావాటికి నొప్పయింది, నీవి మొండియి" అంటున్నది. నేనేమో, నా కోళ్లు గట్టివి అంటున్నాను. ఇది మంచిదా చెడ్డదా? జవాబు రాయి.

చింతపండు సంగతి ఇంకా చెప్పలేదు.

భూమక్క


కామారెడ్డి,
10-3-1993

అక్కా,

కోపం తెచ్చుకోకుండా చదువు. రక్తం ఫలితాలు హైదరాబాదు నుంచి వచ్చాయి. ఖుర్షీద్ బేగం కోళ్ల రక్తంలో కొక్కెరను ఆపే బలం దండిగా ఉంది. నీ కోళ్లలో ఏమీ లేదు. అసలు టీకానే వేయనట్టు ఉంది. మా పెద్ద సారు రామస్వామి గారు నన్ను పిలిచి, "ఏమయ్యా, అది మీ అక్క ఇల్లేనా, లేక మీ అత్తగారిల్లా? ఇంత పగ ఏమిటి?" అని అడిగారు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను గానీ లోపల చచ్చిపోయాను.

నిజం చెప్పు. రక్తం తీయడానికి వచ్చినప్పుడు నాకు వేరే కోళ్లను పట్టి ఇచ్చావా? బుడ్డదాన్ని సూది నుంచి తప్పించాలని చూశావు, నేను గమనించాను. లేకపోతే ఏ ఆకు పసరో పోశావా? రక్తం సీసాలను నీ పొయ్యి పక్కన గూట్లో కాసేపు పెట్టిన సంగతి కూడా గుర్తుంది. నా అనుమానం దాని మీదే. వేడికి రక్తం పాడయి ఉంటుంది. నీ ఇంటి లెక్కలు తీసేయమని సారు అన్నారు.

అయితే నువ్వు కంగారు పడకు. పాడైంది రక్తమే గానీ టీకా కాదు. నా చేత్తో వేశాను, నీ కోళ్లకు బలం వచ్చే ఉంటుంది. తాడ్వాయిలో కొక్కెర మొదలైందని విన్నాను. మీ వైపు వచ్చినా నీకు భయం లేదు.

మార్కండేయ


ఎల్లారెడ్డి,
16-3-1993

తమ్ముడికి,

ఈసారి దీవెనలు చివర్లో ఇస్తాను, నీకు అందితే అందుతాయి.

నీకు కావలసిన ముక్క మొదటి వరుసలోనే రాస్తున్నాను. వచ్చే మంగళవారం పశువుల దవాఖాన వాళ్లు మా వాడకు వచ్చి పాత కొక్కెర టీకా ఊరికే వేస్తారట. నా కోళ్లకు వేయించనా, వద్దా?

ఇక మిగతాది. కోళ్లను మార్చి ఇచ్చానా? నీకు చిన్నప్పుడు పాలలో నీళ్లు కలపకుండా పోసి పెంచిన అక్కను నేను. పొయ్యి పక్కన పెట్టింది ఖుర్షీద్ కోళ్ల రక్తం కూడా, రెండూ ఒకే గూట్లో ఉన్నాయి. దానిది పాడుకాకుండా నాదే ఎట్లా పాడైంది? మీ సారుకు చెప్పు, నా ఇంటి వేడికి కులమతాలు తెలియవు.

బుడ్డదాన్ని తప్పించాలని చూసిన మాట నిజం. కానీ నువ్వు పట్టుకున్నావు, వేశావు. నా కోళ్లకు ఇంతవరకూ పడింది ఘనీ వేసిన మశూచి సూదీ, నీ సూదీ, అంతే. ఆకు పసరు ఏదీ పోయలేదు. పోస్టుమాన్ ముఖం మీద తలుపు మూసే కథ నువ్వే రాశావు. నాకు అప్పుడే అనుమానం వచ్చింది. అడిగితే జవాబు రాయలేదు. ఇప్పుడు నీ అంతట నువ్వే భయం లేదంటున్నావు కాబట్టి నమ్ముతున్నాను. నీ మాట పట్టుకుని వాడంతా చెప్పాను, 'మా తమ్ముడు వేసిండు, నా కోళ్లకేం కాదు' అని. తాడ్వాయిలో ఒకామె గంపెడు కోళ్లను ఒక్క వారంలో పూడ్చిందట. ఆ మాట విన్న దగ్గర నుంచి రోజూ పొద్దున కోళ్లగూడు తలుపు తీసే ముందు చెవి పెట్టి వింటున్నాను. ఒక్క కోడికి రెట్ట పచ్చగా కనబడినా ప్రాణం జారిపోతుంది.

ఒకటి అడగనా? నేను మాట్లాడకపోతే నీకు ఏమైనా వెలితిగా ఉందా, లేక హాయిగా ఉందా? నాకైతే పుంజుతో మాట్లాడి మాట్లాడి విసుగు వచ్చింది.

దీవెనలు ఇక్కడ పెట్టాను, తీసుకో.

భూమక్క


కామారెడ్డి,
19-3-1993

అక్కా,

తొందరలో ఉన్నాను, సదాశివనగర్ పోవాలి. దవాఖాన వాళ్ల టీకా నీ కోళ్లకు వద్దు. మళ్లీ రక్తం తీసి చూద్దామనుకుంటున్నాను, రెండూ కలిస్తే ఆ పరీక్ష పాడవుతుంది. నీ కోళ్లకు బలం ఉంది, ఏమీ కాదు.

మార్కండేయ


కామారెడ్డి బస్టాండు,
29-3-1993

అక్కా,

ఈ చీటీ కండక్టర్ పోచయ్య చేతికి ఇచ్చి పంపుతున్నాను. చదవగానే నీ కోళ్లన్నింటినీ గూట్లో పెట్టి మూసేయి. ఎవరి కోళ్లతోనూ కలవనీయకు. బయటి నుంచి కోడి మాంసం గానీ, ఈకలు గానీ ఇంట్లోకి రానీయకు. కొక్కెర వచ్చిన ఇంటి మనిషి వస్తే వాకిట్లో నుంచే మాట్లాడి పంపు. నేను నిజామాబాదు పోయి, పాత టీకా మంచు ఫ్లాస్కులో పెట్టుకుని సాయంత్రానికి మీ ఇంటికి వస్తాను.

నీ కోళ్లకు బలం లేదు అక్కా. నేను వేసిన టీకా వాటికి పట్టలేదు.

పొద్దున నేను గడ్డానికి సబ్బు రాసుకుని కూర్చున్నాను. చింతపండు గురించి నువ్వు ఏమడిగావో చూద్దామని రాజమణి నీ ఉత్తరాలన్నీ ముందేసుకుని పైకి చదవడం మొదలుపెట్టింది. తాశిల్దారు సంగతి, బట్టల పెట్టె మీద గుడ్డు సంగతి, నడుము సంగతి చదివి నవ్వుతున్నది. నేనూ నవ్వుతున్నాను. ఘనీ, రెండు మొనల సూది అని చదివేసరికి నా చేతిలో అద్దం కింద పడింది. "మూడు ఉత్తరాలల్ల రాసింది కదా, నీకు కండ్లు లెవ్వా?" అని రాజమణి అడిగింది.

సగం గడ్డంతోనే బస్టాండుకు వచ్చాను. నువ్వు తిడితే పడతాను, మాట్లాడకపోయినా పడతాను. ముందు కోళ్లను మూసేయి.

మార్కండేయ


ఎల్లారెడ్డి,
12-4-1993

తమ్ముడికి దీవెనలు. ఇది తీరిగ్గా కూర్చుని చదువుకో. ఒక్క వరుస దాటేసినా నాకు తెలుస్తుంది.

నువ్వు ఒక చెంప నున్నగా, ఒక చెంప గడ్డంతో వాకిట్లోకి వస్తే ఖుర్షీద్ నిన్ను గుర్తుపట్టలేదు. "భూమక్కా, ఎవరో పిచ్చోడు ఫ్లాస్కు పట్టుకుని వచ్చిండు" అని కేక వేసింది. ఆ రోజు నేను నవ్వకుండా ఎట్లా నిలబడ్డానో నాకే తెలియదు. చీకటి పడేదాకా ఒక్కొక్క కోడినీ పట్టి ఇచ్చాను, నువ్వు వేశావు. బస్సు దిగిన దగ్గర నుంచి నువ్వు చుక్క నీళ్లు ముట్టలేదు. నీళ్లు తాగమని అనాలనిపించి తాశిల్దారు కోసం చూశాను. అది నీ చేతిలోనే ఉంది, తలకిందులుగా.

సూది పడ్డాక బలం రావడానికి వారమైనా పడుతుందని నువ్వు పోతూ పోతూ గోడకు చెప్పినట్టు చెప్పావు. ఆ వారం నిండకముందే మా వాడలోకి కొక్కెర వచ్చింది. నేను మూసి ఉంచినా వచ్చింది. ముందు బుడ్డది తల వేలాడేసింది. పచ్చగా పారింది. నోరు తెరిచి గురగురమంటూ గాలి పీల్చింది. రెండో పొద్దుకు బట్టల పెట్టె మీదే పోయింది. బాగా ఏడ్చాను. కోడి కోసం ఏడుస్తారా అని మీ బావ అనలేదు, పలుగు తీసుకుని పోయి గుంత తవ్వాడు. దాని వెనక ఇంకొన్ని పోయాయి. సగానికి పైగా మాత్రం బతికాయి. నువ్వు ఆ రోజు రాకపోయి ఉంటే గూడు ఖాళీ అయ్యేదని ఘనీ అన్నాడు. దవాఖాన వాళ్లు వచ్చిన మంగళవారమే వేయించి ఉంటే బుడ్డది కూడా ఉండేదని నేను అనుకున్నాను. రెండూ నిజమే, రెండూ రాస్తున్నాను.

ఖుర్షీద్ కోళ్లకు ఏమీ కాలేదు. నీ కొత్త టీకా వాటికి గట్టిగా పట్టింది. తను మాత్రం నా ముందు ఒక్క మాట గొప్పగా అనలేదు. రోజూ తన కోళ్ల గుడ్లు రెండు తెచ్చి నా గూట్లో గడ్డి మీద పెట్టి, "చూడు, నీయి మల్ల పెడుతున్నయి" అని అబద్ధం చెబుతున్నది. నేను తెలియనట్టు తీసుకుంటున్నాను.

ఇక నీ పోస్టుమాన్ కథ. రోజంతా ఆలోచిస్తే నాకు తోచింది రాస్తున్నాను. తప్పయితే దిద్దు. నా కోళ్లు మశూచిని ముందే చూశాయి కాబట్టి దాన్ని గుర్తుపట్టి తలుపేశాయి. లోపలున్న మంచి మాట వాటికి అందలేదు. అది వాటి తప్పు కాదు, ఒకసారి బొబ్బలు చూసిన భయం. మరి నువ్వు? పుట్టినప్పటి నుంచీ నా వాగుడు విన్నావు. నా అక్షరాలు కనబడగానే, ఇది అక్క సోదిలే అని నీ మనసు తలుపేసుకుంటుంది. లోపల ఏముందో చూడవు. ముహూర్తం అట్లాగే పోయింది, బుడ్డదీ అట్లాగే పోయింది. నేను ఎక్కువ మాట్లాడతానని నాకు తెలుసు. కానీ నాకు ముఖ్యమైనవి కూడా అందులోనే ఉంటాయి తమ్ముడూ, వేరే సంచిలో ఉండవు. అది నాకు చాలా బాధగా ఉంది.

తాశిల్దారు బతికింది. కొక్కెరకు మెడ నరం పట్టేసి తల ఒక పక్కకు ఒరిగిపోయింది. ఇప్పుడు ఎవరు ఏం చెప్పినా చెవి ఒగ్గి వింటున్నట్టే కనబడుతుంది. నాకు కొంచెం ఓదార్పుగా ఉంది.

భూమక్క


కామారెడ్డి,
17-4-1993

అక్కా,

నీ కథలో దిద్దడానికి ఏమీ లేదు. మా సారుకు కూడా అదే చెప్పాను, నా పేరు పెట్టే చెప్పాను. మశూచి టీకా సంగతి అడగకుండానే ఊరి కోళ్లు కదా అని నేనే అనుకున్నానని చెప్పాను. ఆయన తిట్టాల్సినంత తిట్టి, నీ ఇంటి లెక్కలు తీసేయొద్దన్నారు. ముందే మశూచి టీకా పడిన కోళ్లలో ఇది పట్టదన్న సంగతి విడిగా రాయమన్నారు. ఇక మీద ఏ ఇంటికి పోయినా ఆ ప్రశ్న ముందు అడగాలి. ఒక్క ముక్కలో చెప్పండి అని మాత్రం ఎవరినీ అనను.

నీ ఉత్తరాలన్నీ మళ్లీ చదివాను, వరుసగా, గట్టిగా. జవాబులు రాస్తున్నాను. చిన్నదానికి కింద రెండు పళ్లు వచ్చాయి, నా వేలు కొరికి చూపించింది. రాజమణి నడుము నొప్పి తగ్గింది, బిందె నేను మోస్తున్నాను కాబట్టి నొప్పి నాకు వచ్చింది. గొంగడి ఎండలో వేయలేదు. నీ ఉత్తరం చదివి తీసి చూస్తే ఒక మూల పురుగు కొట్టింది, ఇవాళ ఎండలో ఉంది. చింతపండు కావాలి, ఇంకా మిగిలి ఉంటే. వేళకు తినడం లేదు, ఇక తింటాను. బావ పన్ను పీకించేయమను, లవంగంతో పోదు. శనగగింజంత బొబ్బ లేవడం మంచిది, టీకా పట్టిందన్న గుర్తు. నీ కోళ్లకు లేవలేదని నువ్వు రాసిన రోజే నేను పరుగెత్తుకుని రావాల్సింది. బుడ్డది నా వల్ల పోయింది అక్కా. దాన్ని నేనే ఒళ్లో పట్టుకుని సూది వేశాను, ఆ బరువు నా చేతికి ఇంకా గుర్తుంది.

ఒక్కటి మిగిలింది. దానికి జవాబు రాయడానికే ఈ కాగితం తీశాను, చివరికి దాచి పెట్టింది మాత్రం నేనే. నువ్వు మాట్లాడకపోతే వెలితిగా ఉందా, హాయిగా ఉందా అని అడిగావు. మొదట్లో హాయిగానే ఉంది. తర్వాత నీ వాకిట్లో కూర్చుని, నువ్వు పుంజుతో మాట్లాడుతుంటే దాని మీద కుళ్లు పుట్టింది. మన ఇంట్లో ఎవరు పోయినా, ఎవరు పుట్టినా నాకు నీ నోటితోనే తెలిసింది. ఇప్పుడు ఏ కబురు వచ్చినా సగమే వచ్చినట్టుంది. వెలితిగా ఉంది అక్కా. చాలా వెలితిగా ఉంది.

నీ తమ్ముడు,
మార్కండేయ


ఎల్లారెడ్డి,
21-4-1993

తమ్ముడూ,

ఎల్లుండి పొద్దున బస్సుకు వస్తున్నాను. చింతపండు తెస్తున్నాను. తాశిల్దారును కూడా గంపలో పెట్టుకుని వస్తున్నాను, ఎట్లా వినాలో పక్కన కూర్చోబెట్టుకుని నేర్చుకుందువు గాని.

ఈ ఉత్తరానికి రెండో పేజీ లేదు. అది నోట్లో పెట్టుకుని వస్తున్నాను.

అక్క